లిఫ్టు దాతలు

మా అపార్టుమెంటు అసోసియేషన్‌కి నన్ను ఏకగ్రీవంగా సెక్రటరీని చేశారు. ఏకగ్రీవం అంటే ఆ రోజు మీటింగుకి రాని వాళ్ళందరూ ఒప్పుకున్నారని అర్థం. వచ్చిన కొద్దిమందిలో సగం మంది మిరపకాయ బజ్జీలు అయిపోగానే లేచి వెళ్ళిపోయారు. మిగిలిన వాళ్ళలో పాత సెక్రటరీ ఒకాయన. ఆయన తాళాల గుత్తి నా చేతిలో పెట్టి, అప్పుడే దిగిన జ్వరం మళ్ళీ వస్తుందేమోనన్నట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. లెక్కలు చెప్పేవాడు లెక్కలు చూడటానికే పుట్టాడని మా వాళ్ళ నమ్మకం.

నేను ఒప్పుకున్నది ప్రజాసేవ కోసం కాదు. మాది ధవళేశ్వరం వెళ్ళే దారిలో, కాలవకి కాస్త ఇవతల ఉన్న అయిదంతస్తుల మేడ. మేముండేది నాలుగో అంతస్తు. గోదావరి గాలి తగులుతుందని ముచ్చటపడి కొన్నాం. ఎండాకాలంలో లిఫ్టు ఆగిపోయింది. పాత బాకీ తీర్చనిదే కొత్త సామాను వెయ్యమని లిఫ్టు వాళ్ళు చెప్పేశారు. అదే సమయంలో మా ఆవిడ మోకాలు మార్చక తప్పదని డాక్టరు తేల్చాడు. వినాయక చవితి వెళ్ళాక ఆపరేషను. తరవాత వారానికి మూడు సార్లు ఆస్పత్రికి తీసుకొచ్చి మోకాలికి వ్యాయామం చేయించాలన్నాడు. మొదటి రెండు నెలల్లో ఎంత వంగితే అంతేనని, ఆ తరవాత ఏడ్చినా వంగదని కూడా అన్నాడు. కాబట్టి ఆవిడ ఇంటికి వచ్చేసరికి లిఫ్టు నడవాలి. నాకు కావలసింది అదొక్కటే.

మెయింటెనెన్సు డబ్బులు సగం ఫ్లాట్ల వాళ్ళు ఏడాది పైబడి కట్టలేదు. కట్టకపోవడానికి ఎవరి కారణం వాళ్ళకుంది. మొదటి అంతస్తులో ఉండే రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరుగారు లిఫ్టు ఎక్కరు కాబట్టి కట్టరు. ఆయన బోరు నీళ్ళు వాడతారు, వాచ్‌మన్ చేత కూరలు తెప్పించుకుంటారు, కాని మాట మాత్రం లిఫ్టు దగ్గరే ఆగుతుంది. మూడో అంతస్తులో అద్దెకున్నాయన, అది ఓనరు కట్టాలండి అంటాడు. హైదరాబాదులో ఉన్న ఓనరుకి ఫోను చేస్తే, వాడుకునేది వాళ్ళే కదండి అంటాడు. ఇద్దరూ చాలా మర్యాదస్తులు. ఒకర్నొకరు పల్లెత్తు మాట అనరు, నన్ను మధ్యలో తిప్పుతారు.

అందరి కంటే పెద్ద బాకీ రెండో అంతస్తు ఇత్తడి సామాన్ల కొట్టాయనది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఆయనకి రెండు కొట్లున్నాయి. నోట్లో నాలుక లేనట్టు మాట్లాడే మనిషి. ఆయన ఏ రోజూ కట్టనని అనలేదు. అంటే దెబ్బలాడి ఉండేవాణ్ణి.

వసూలుకి బయలుదేరాక నాకు తెలిసిందేమిటంటే, మన వైపు బాకీ అడగడానికి వెళ్ళినవాడు చుట్టమైపోతాడు. తలుపు తీయగానే, మాస్టారూ, గుమ్మంలో నిలబడ్డారేంటండి, రండి అంటారు. కూర్చోగానే మంచినీళ్ళు, ఆ వెంటనే కాఫీ, ఇంకా కూర్చుంటే పూతరేకు. నోట్లో పూతరేకు పెట్టుకుని బాకీ సంగతి ఎత్తగల మగాడు గోదావరి జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. ఒక ఇంట్లో అరిసెలు పొట్లం కట్టి అమ్మగారికి ఇవ్వండని చేతిలో పెట్టారు. డబ్బుల కోసం ఖాళీ సంచీతో వెళ్ళి నిండు సంచీతో వచ్చాను. మా ఆవిడ అది విప్పి చూసి, లిఫ్టుకి ఇవి పనికొస్తాయా అని అడిగింది.

పూతరేకుల నుంచి గట్టెక్కినా రోజులు అడ్డం పడేవి. ఇత్తడి కొట్టాయన దగ్గరికి శుక్రవారం వెళ్ళాను. "ఇవాళ శుక్రవారం కదండి మాస్టారూ, లక్ష్మిని గుమ్మం దాటించమంటారా?" అన్నాడు నొచ్చుకుంటూ. మంగళవారం కూడా అంతే. మరోసారి కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని వెళ్ళేసరికి దీపాలు పెట్టేశారు, దీపాలు పెట్టాక డబ్బు బయటికి తీయరు. ఆదివారం పూట లెక్కలేంటండి, హాయిగా కూర్చోండి అన్నాడు. ఒక బుధవారం అన్నీ కుదిరాయనుకుంటే ఆ రోజు అమావాస్య. ఫోనులోంచి పంపేస్తే గుమ్మం దాటినట్టు కాదు కదండి అని నేనొక లా పాయింటు లాగాను. ఆయన దాన్ని తీసిపారేయలేదు. నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, ఈ రోజుల్లో ఫోనే బీరువా కదండి అన్నాడు. చూస్తే ఫోను వెనక చిన్న కుంకుమ బొట్టు కూడా ఉంది. ఇన్ని పట్టింపులున్న మనిషి కొట్లో అప్పు పెట్టిన వాళ్ళని ఏ వారం అడుగుతాడో కనుక్కోవాలనిపించింది గాని, అప్పటికే కాఫీ వచ్చేసింది.

ఇక ఇలా లాభం లేదని నోటీసు బోర్డులో కాగితం అంటించాను. బాకీదారుల పేర్లు రాద్దామని కూర్చుంటే పాత సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. పేర్లు వేస్తే మర్యాద కాదన్నాడు, రేపు మొహాలు మొహాలు చూసుకోవద్దా అన్నాడు. సరేనని, కొందరు సభ్యులు బకాయిలు చెల్లించవలసి ఉన్నది, దయచేసి చెల్లించగలరు అని రాశాను. అదే ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గులాబీ పూలతో శుభోదయాలు చెప్పుకునే గ్రూపు అది. నా కాగితానికి వరసగా దండాలు వచ్చాయి, ఒకాయన పువ్వు కూడా పెట్టాడు.

ఆ నోటీసుతో జరిగింది ఎవరూ నమ్మరు. క్రమం తప్పకుండా కట్టే ఫ్లాటు వాళ్ళకి కోపాలొచ్చాయి. మమ్మల్ని కూడా ఆ కొందరిలో కలిపేస్తారా అని ఇద్దరు ఆ నెల నుంచి కట్టడం మానేశారు. అసలు బాకీదారులు మాత్రం చదివి చాలా బాధపడ్డారు. ఇంజనీరుగారు బోర్డు ముందు నిలబడి, "చదువుకున్నవాళ్ళు కూడా ఇలా ఉంటే ఎలాగండి" అని నా భుజం తట్టారు. కొట్టాయన లిఫ్టు గుంటలోకి తొంగి చూసి, ఎవరో గాని మరీ దారుణమండి అన్నాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

చవితి వచ్చింది. లిఫ్టు బాగు చేయించడానికి రూపాయి రాలని ఆ మేడలోనే, కింద కారు షెడ్డులో వినాయకుడికి పందిరి పడింది. చందాల కోసం ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది, ఎవరంతట వాళ్ళే వచ్చి ఇచ్చి వెళ్ళారు. మైకులో పేరు చదువుతారు కదా. నాకు ఆశ పుట్టింది లడ్డూ వేలం మీద. నిమజ్జనం నాటి సాయంత్రం స్వామి చేతిలో లడ్డూకి పాట పెడతారు, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. ఈసారి ఆ డబ్బు లిఫ్టుకే అని ఉత్సవ కమిటీ చేత ముందే అనిపించాను. పాట మొదలైంది. ఇంజనీరుగారూ ఇత్తడి కొట్టాయనా పట్టుదలకి పోయారు. లిఫ్టు వాళ్ళకిచ్చే బాకీ దాటింది, కొత్త సామాను ఖరీదు దాటింది, నేను జనంలో నిలబడి మనసులోనే కూడుకుంటూ సంతోషంతో చెమటలు పట్టిపోయాను. కొట్టాయన గెలిచాడు. డప్పులు మోగాయి. ఆయన లడ్డూ నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి ఇంటికి తీసుకెళ్ళాడు, లిఫ్టు లేదు కదా.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. వారం చూసుకునే వెళ్ళాను, అమావాస్య కూడా కాదు. ఆయన లడ్డూ ముక్క నా చేతిలో పెట్టి ఎంతో ప్రేమగా చెప్పాడు. "లడ్డూ డబ్బులు వచ్చే చవితికి కదండి మాస్టారూ. స్వామి ఏడాది పాటు మనల్ని చల్లగా చూశాక, మళ్ళీ పాట ముందు కట్టడం ఆనవాయితీ." నేను మొగల్తూరు వైపు పుట్టినవాణ్ణి, ఈ ఆనవాయితీ నాకు తెలియదనుకోకండి, తెలుసు. ఆశ ఉన్నవాడికి తెలిసినవి గుర్తుండవు. అక్కడికీ, పోయినేడాది పాట డబ్బులైనా ఈ చవితికి రావాలి కదా, అవేవని కమిటీని అడిగాను. అవి డప్పులకీ బాణసంచాకీ అయిపోయాయి.

ఆపరేషను బాగా జరిగింది. ఆస్పత్రి నుంచి తెచ్చిన రోజు కారు షెడ్డులో ఆగితే, నేను పిలవకుండానే నలుగురు దిగి వచ్చారు. ఇంజనీరుగారు తన టేకు కుర్చీ ఇచ్చారు. ఇత్తడి కొట్టాయన చొక్కా చేతులు మడిచి కుర్చీ ముందు కాలు పట్టుకున్నాడు. మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, పడకుండా కండువాతో కట్టి, నాలుగంతస్తులు మోశారు. ప్రతి మలుపులోనూ కొట్టాయన, "అక్కయ్యగారూ, కిందికి చూడకండి, కళ్ళు మూసుకోండి" అంటున్నాడు. ఆయన మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి. మోసిన నలుగురిలో ముగ్గురు బాకీదారులే. వెనకాల ఎక్స్‌రేల సంచీ పట్టుకుని నడుస్తున్న నాకు వాళ్ళ కాళ్ళకి దండం పెట్టాలనీ, అదే కాలు పట్టి లాగాలనీ అనిపించింది. రెండూ నిజమే.

రెండో రోజు ఆస్పత్రికి దింపాలంటే ఇద్దరే వచ్చారు, నేనూ వాచ్‌మనూ చేరాం. ఆ తరవాత ఒకాయనకి నడుం పట్టేసింది, ఒకాయనకి కొట్లో సరుకు దిగింది. వాళ్ళని తప్పు పట్టలేను. మనిషిని మొయ్యడం రోజూ అయ్యే పని కాదు. అందుకే లిఫ్టు కనిపెట్టారు. ఒక వారం ఒక్కసారే వెళ్ళగలిగాం, మరో వారం అసలు వెళ్ళలేదు. ఇంట్లో నేను పట్టుకుని వంచబోతే ఆవిడ దిండు కొరికిపట్టి ఏడ్చేది. ఫోనులో డాక్టరు, ఇంకా ఇంతేనా వంగుతోంది, రోజులు పోతున్నాయి మాస్టారూ అన్నాడు. ఆ మాట విన్నాక నేను బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాను. భయం వేసింది. ఈ మనిషి ఇక ఎప్పటికీ కర్రకాలుతో నడుస్తుందా అని, అదీ మెయింటెనెన్సు డబ్బులు రాక.

ఆ రోజు ఆవిడే అంది. ఆస్పత్రి హాల్లో తను కూర్చున్న కుర్చీ వెనక దాత పేరు రాసి ఉండటం చూశారా అని అడిగింది. చూశానన్నాను. పైన తిరిగే ఫ్యాను రెక్కల మీద కూడా పేరుందట. పేరు కనపడాలని ఆ ఫ్యాను ఎప్పుడూ వెయ్యరేమో అని నవ్వింది. నవ్వి, "వీళ్ళు బాకీ ఇవ్వరండి. బాకీ అంటే వీళ్ళకి చిన్నతనం. దానం అడగండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎగ్గొట్టిన డబ్బుకి దానం అని పేరు పెడితే, వేళకి కట్టిన మనం ఎవరం అన్నాను. బాకీ బాకీయే, దానం దానమే, రెంటినీ ఒక గడిలో వేస్తే లెక్క తప్పవుతుందని గట్టిగానే అన్నాను. ఆవిడ అంతా విని, దుప్పటి తీసి చూపించింది.

"మీ లెక్క కరెక్టేనండి. నా మోకాలు వంగట్లేదు."

ఆ సాయంత్రమే వెళ్ళాను. వెళ్ళాక గుర్తొచ్చింది శుక్రవారమని, పైగా దీపాలు కూడా పెట్టేశారు. వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే నోరు విప్పాను. లిఫ్టులో ఇత్తడి పలక ఒకటి పెడదామనుకుంటున్నామండి, లిఫ్టు పునరుద్ధరణ దాతలు అని పేర్లు చెక్కిస్తాం, మొదటి పేరు ఎవరిదా అని ఆలోచిస్తున్నాం అన్నాను. ఆయన లోపలికి చూసి వాళ్ళావిణ్ణి పిలిచాడు. ఆవిడ పసుపు చేత్తోనే డబ్బులు తెచ్చి పళ్ళెంలో తమలపాకుల మీద పెట్టింది. శుక్రవారం సంధ్యవేళ దానం చెయ్యడం ఇంటికి మంచిదట. ఆయన బాకీ ఎంతో అంతా అందులో ఉంది, పైన నూట పదహార్లు కలిపి. అంటే ఆయనకి ఎంత కట్టాలో పైసలతో సహా మొదటి నుంచీ తెలుసు.

రెండు రోజుల్లో సంగతి మేడంతా పాకింది. ఇంజనీరుగారు వాళ్ళ అమ్మగారి, నాన్నగారి జ్ఞాపకార్థం అని వెయ్యాలని పట్టుబట్టారు, ఆయన లిఫ్టు ఎక్కకపోయినా వాళ్ళు ఎక్కుతారు కాబోలు. అక్షరాలు కొట్టాయనవి పెద్దవా తనవి పెద్దవా అని స్కేలు తెచ్చి కొలిచారు. మూడో అంతస్తులో మరీ చిత్రం. అద్దెకున్నాయన డబ్బు తెచ్చి తన పేరు వెయ్యమన్నాడు. ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి ఓనరు ఫోను చేసి, ఫ్లాటు నాదైతే పేరు అతనిదెలా వేస్తారండి అని కేకలేసి, తనూ పంపాడు. ఇద్దరి పేర్లూ వేశాం. నోటీసు చూసి కోపగించుకున్న ఆ రెండు ఫ్లాట్ల వాళ్ళు కూడా, ఆపిన నెలలే కదా అని, దాతలైపోయారు. పలక కొట్టాయన కొట్లోదే. దానికి చెక్కడం కూలీ, పాలిషుతో సహా బిల్లు వేసి అసోసియేషన్ దగ్గర వసూలు చేసుకున్నాడు. ఆ బిల్లు అడగడానికి సోమవారం వచ్చాడు, మళ్ళీ మంగళవారం కూడా వచ్చాడు.

లిఫ్టు నడిచింది. కొబ్బరికాయ కొట్టి, రిబ్బను కత్తిరించింది కొట్టాయనే. మా ఆవిడ వాకరు పట్టుకుని మొదటిసారి దిగుతుంటే సామర్లకోట నుంచి వచ్చిన మా మరదలు పలక మొత్తం పైకి చదివి, మీ పేరు లేదేంటక్కా, మీరేమీ ఇవ్వలేదా అని అడిగింది. కింద కొట్టాయన తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మాట విని ఆయనే జవాబు చెప్పాడు. "అడుగున కొంచెం చోటు వదిలించానండి అక్కయ్యగారూ. మీరూ ఎంతో కొంత ఇస్తే వేయించేద్దాం." వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగా మా పరువు కాపాడదామనే అన్నాడు. ఏ నెలా ఆలస్యం చెయ్యని నేను నేల చూపులు చూశాను.

ఆస్పత్రికి తప్పకుండా వెళ్ళాం. మోకాలు వంగింది. పూర్తిగా కాదు, కుర్చీలో కూర్చుని లేచేటంత వంగింది, అది చాలన్నాడు డాక్టరు. మెల్లిగా మెట్లు కూడా మొదలుపెట్టొచ్చన్నాడు.

కొత్త నెల రాగానే మెయింటెనెన్సుకి బయలుదేరాను. ఇప్పుడు అందరిదీ లెక్క సమంగా ఉంది, ఇక సులువనుకున్నాను. ఇంజనీరుగారు కళ్ళజోడు సర్దుకుని, మొన్ననే కదండి ఇచ్చాం అన్నారు. అద్దెకున్నాయన, మా ఇంటి నుంచి రెండు పేర్లున్నాయి కదండి అన్నాడు. కొట్టాయన ఎప్పటిలా కాఫీ తెప్పించాడు, కాని మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఇన్నాళ్ళలో మొదటిసారి నా మీద కోపం చూశాను. "దాతల్ని పట్టుకుని నెలనెలా అడుగుతారేంటండి మాస్టారూ" అన్నాడు. కాఫీ తాగి వచ్చేశాను. మర్నాడు తాళాల గుత్తి తీసుకునేవాళ్ళ కోసం మీటింగు పెట్టాను. బజ్జీలు పెట్టినా ఎవరూ రాలేదు.

ఇప్పుడు సాయంత్రాలు మా ఆవిడ మెట్ల మీద ఉంటోంది. రెయిలింగు పట్టుకుని, పెదవి బిగించి, నాలుగో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా దిగుతుంది, కాసేపు గోడకి ఆనుకుని మళ్ళీ ఎక్కుతుంది. పక్కనే లిఫ్టు ఖాళీగా, దీపం వెలుగుతూ ఉంటుంది. నిన్న ఆవిడ మొహం మీద చెమట చూసి ఉండబట్టలేక, లిఫ్టు ఉంది కదా, ఎందుకీ అవస్థ అన్నాను.

"ఉన్నప్పుడే నేర్చుకోవాలండి" అంది, ఇంకో మెట్టు మీద కాలు మోపుతూ.